దోహాలో ‘అమ్న్ అద్దౌలా’ తలుపు తడితే పిట్లం ఇంటికి కబురు ఎవరు తెస్తారు?

2022 ఆగస్టు 30 రాత్రి ఖతార్ రాజధాని దోహాలో ఎనిమిది మంది భారతీయులను అక్కడి స్టేట్ సెక్యూరిటీ వాళ్లు పట్టుకుపోయారు. ఎనిమిది మందీ మన నౌకాదళంలో పనిచేసి రిటైర్ అయినవాళ్లే. అందులో ఒకరు తెలుగాయన, విశాఖపట్నానికి చెందిన కమాండర్ సుగుణాకర్ పాకాల. ఏ నేరం మీద తీసుకెళ్లారో ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. భారత ఎంబసీ అధికారులు వాళ్లను మొదటిసారి చూసేసరికే నెల దాటింది. 14 నెలల తర్వాత, 2023 అక్టోబర్ 26న, దోహా కోర్టు ఎనిమిది మందికీ మరణశిక్ష వేసింది. డిసెంబర్ 28న అప్పీలు కోర్టు దాన్ని జైలు శిక్షగా తగ్గించింది. 2024 ఫిబ్రవరి 12 తెల్లవారేసరికి ఏడుగురు ఢిల్లీలో దిగారు. ఎనిమిదో ఆయన దోహాలోనే ఆగిపోయారు.

ఇంత జరిగినా వాళ్ల మీద మోపిన నేరం ఏమిటో ఈనాటి వరకు ఖతార్ ప్రభుత్వం బయటికి చెప్పలేదు. భారత ప్రభుత్వమూ చెప్పలేదు. జలాంతర్గాముల రహస్యాలు ఇజ్రాయెల్‌కు చేరవేశారని పత్రికల్లో వచ్చింది. అది పత్రికల మాటే. ఛార్జిషీటు చూసిన సామాన్యుడు ఒక్కడూ లేడు.

ఆఫీసర్ల కేసుతో పిట్లం వాళ్లకు ఏం పని అనిపించవచ్చు. సంగారెడ్డి నుంచి నాందేడ్ పోయే 161 నంబర్ జాతీయ రహదారి మీద పిట్లం ఒక మండల కేంద్రం. 2016 అక్టోబర్ దాకా నిజామాబాద్ జిల్లా, ఇప్పుడు కామారెడ్డి. ఈ పక్క బాన్సువాడ, ఎల్లారెడ్డి, ఆ పక్క బిచ్కుంద, మద్నూర్. ఈ పట్టీలో గల్ఫ్ పోయినోళ్లు లేని ఊరు వెతికినా దొరకడం కష్టం. మేస్త్రీలు, డ్రైవర్లు, ఏసీ మెకానిక్‌లు, సెక్యూరిటీ గార్డులు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు. రియాల్ రేటు ఎంత నడుస్తుందో, దోహాకు టికెట్ ఎంతో, ఏ కఫీల్ మంచోడో ఇళ్లల్లో అమ్మీలకు కూడా తెలుసు. అక్కడి నిఘా సంస్థ ఏమిటో, అది ఎవర్ని ఎట్లా పట్టుకుంటుందో, పట్టుకుంటే ఎవర్ని అడగాలో మాత్రం తెలియదు. ఏజెంట్ చెప్పడు. వీసా కాగితంలో ఉండదు.

పోలీసూ అదే, నిఘా కూడా అదే

అరబ్బీలో దాని పేరు ‘అమ్న్ అద్దౌలా’. ఉర్దూ చెవికి ‘అమన్’, ‘దౌలత్’ అన్నట్టు మెత్తగా వినిపిస్తుంది. అర్థం మాత్రం రాజ్య భద్రత. అంతకుముందు విడివిడిగా ఉన్న నిఘా విభాగాలను కలిపి 2003లో 5వ నంబర్ చట్టంతో ఈ సంస్థను ఏర్పాటు చేశారు. దాని అధిపతిని నియమించేది అమీర్. ఆ అధిపతి జవాబు చెప్పాల్సిందీ అమీర్‌కే.

మన దగ్గర ఇంటెలిజెన్స్ బ్యూరో ఉంది, రా ఉంది. వీటికి మనిషిని అరెస్టు చేసే అధికారం లేదు. సమాచారం సేకరిస్తాయి, పోలీసులకో ఎన్ఐఏకో ఇస్తాయి. ఆ తర్వాత పోలీసు కేసు కట్టాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఖతార్‌లో ఈ గోడ లేదు. ఫోన్ వినేది, వెంట తిరిగేది, రాత్రిపూట తలుపు తట్టేది, ప్రశ్నించేది, తన సొంత నిర్బంధ కేంద్రంలో ఉంచుకునేది అంతా స్టేట్ సెక్యూరిటీయే.

దానికి తోడు 2002 నాటి 17వ నంబర్ చట్టం ఒకటుంది, సమాజ రక్షణ చట్టం అంటారు. దీని కింద ఒక మనిషిని నేరం మోపకుండానే ఆరు నెలల దాకా ఉంచవచ్చు. ప్రధానమంత్రి ఆమోదం ఉంటే రెండేళ్ల దాకా పొడిగించవచ్చు. మామూలు దొంగతనం కేసులో దొరికే రక్షణలు ఇక్కడ దొరకవు. ఆ ఎనిమిది మంది కేసునే చూస్తే, పట్టుకున్నది 2022 ఆగస్టులో, నేరాలు నమోదు చేసింది 2023 మార్చిలో. మధ్యలో ఏడు నెలలు, అందులో చాలాకాలం ఒంటరి గదిలో.

చిన్న దేశం, పెద్ద భయం

ఖతార్ విస్తీర్ణం సుమారు 11,600 చదరపు కిలోమీటర్లు. పాత నిజామాబాద్ జిల్లాకు ఒకటిన్నర రెట్లు కూడా ఉండదు. జనాభా దాదాపు 30 లక్షలు. అందులో సొంత పౌరులు పదిమందిలో ఒక్కరు. ఒక్క భారతీయులే 7 లక్షలకు పైగా, అంటే అక్కడి పౌరులకు రెట్టింపు. ఇంటివాళ్ల కంటే పనివాళ్లు ఎక్కువున్న ఇల్లు అది. ఆ ఇంటి యజమానికి రాత్రి నిద్ర ఎట్లా పడుతుందో ఊహించుకోవచ్చు.

భూమి చిన్నది, కింద మాత్రం ప్రపంచంలోనే పెద్ద గ్యాస్ నిల్వ. అది కూడా ఇరాన్‌తో పంచుకున్నది. ఒక పక్క సౌదీ, సముద్రం అవతల ఇరాన్, దేశం లోపల అల్ ఉదైద్‌లో అమెరికా సైనిక స్థావరం. 2012 నుంచి హమాస్ రాజకీయ నేతలు దోహాలో ఉన్నారు, 2013లో తాలిబన్ ఆఫీసు తెరిచారు. అమెరికా, తాలిబన్ ఒప్పందం 2020 ఫిబ్రవరి 29న దోహాలోనే జరిగింది. అందరితో మాట్లాడటమే ఖతార్ బలం. అందరితో మాట్లాడే ఊళ్లోకి అందరి గూఢచారులూ వస్తారు. కాబట్టి ఆ దేశం భయం ఒట్టి ఊహ కాదు.

2017 మే 24న ఖతార్ న్యూస్ ఏజెన్సీ వెబ్‌సైట్‌లోకి ఎవరో చొరబడి, అమీర్ షేక్ తమీమ్ అనని మాటలను ఆయన అన్నట్టు పెట్టారు. 12 రోజులు తిరిగేసరికి, జూన్ 5న సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు సంబంధాలు తెంచేశాయి. ఖతార్‌కు ఉన్న ఒకే ఒక్క భూసరిహద్దు మూతపడింది. దుకాణాల్లో పాలు, కోళ్లు ఖాళీ అయిన ఆ వారం దోహాలో ఉన్న మనోళ్లకు ఇంకా గుర్తుంటుంది. 2021 జనవరిలో అల్ ఉలా ఒప్పందం దాకా, మూడున్నరేళ్లు ఆ దిగ్బంధం నడిచింది. ఒక దొంగ వార్త దేశం గొంతు పట్టుకున్న అనుభవం అది. ఆన్‌లైన్‌లో రాసే ప్రతి ముక్కనూ ఆ దేశం అనుమానంగా చూడటం వెనక ఈ దెబ్బ కూడా ఉంది.

2025లో ఆ భయం నిజంగానే ఆకాశం నుంచి దిగింది. జూన్ 23న అల్ ఉదైద్ మీద ఇరాన్ క్షిపణులు వదిలింది. సెప్టెంబర్ 9న హమాస్ నేతలే గురి అంటూ ఇజ్రాయెల్ విమానాలు దోహా నివాస ప్రాంతంలో బాంబులు వేశాయి. ఒక ఖతార్ భద్రతా సిబ్బంది చనిపోయారు. మధ్యవర్తిగా కూర్చోబెట్టిన అతిథుల మీదే దాడి జరిగింది. ఏ భవనంలో ఎవరున్నారో శత్రువుకు ఎట్లా తెలిసిందన్న ప్రశ్న ఆ రోజు నుంచి దోహాను వదలదు. అలాంటప్పుడు నిఘా సంస్థ ముందుగా చూసేది ఎవర్ని? పరాయి దేశం నుంచి వచ్చి, ప్రతి భవనంలోకి పనిమీద వెళ్లగలిగినవాళ్లను. ఏసీ మెకానిక్, లిఫ్ట్ ఆపరేటర్, డ్రైవర్, గార్డు. పిట్లం మనుషులు చేసే పనులు ఇవే.

భయం నిజమైనదే అయినా, ఆ భయంతో చేసే ప్రతి పనీ సరైనది కాదు. అడిగేవాళ్లు ఉన్నచోట తప్పు పట్టుకున్నవాడిని వదిలిపెట్టే దారి ఉంటుంది. ఖతార్‌లో షూరా కౌన్సిల్‌కు 2021 అక్టోబర్‌లో మొదటిసారి ఎన్నికలు పెట్టారు, 45 మందిలో 30 మందిని ఎన్నుకున్నారు. 2024 నవంబర్‌లో రెఫరెండం పెట్టి ఆ ఎన్నికలనే ఎత్తేశారు, మళ్లీ అందరూ నియామకమే. నిఘా సంస్థను నిలదీసే ఎన్నికైన సభ లేదు, దాని మీద రాసే స్థానిక పత్రిక లేదు. అల్ జజీరా ప్రపంచమంతా తిరిగి ప్రశ్నలు వేస్తుంది, సొంతింటి దగ్గర గొంతు తగ్గిస్తుంది. మిగిలింది అమీర్ ఒక్కరే.

తాళం ఎక్కడ తెరుచుకుంది

ఆ ఎనిమిది మంది పనిచేసింది దహ్రా గ్లోబల్ అనే కంపెనీలో. ఒమన్ వైమానిక దళంలో రిటైర్ అయిన అధికారిది ఆ కంపెనీ, ఖతార్ నౌకాదళానికి శిక్షణ ఇచ్చేది. ఆయన్నీ పట్టుకున్నారు, 2022 నవంబర్‌లోనే వదిలేశారు. భారతీయులు లోపలే ఉండిపోయారు. కంపెనీ 2023 మేలో మూతపడింది.

ఇక విడుదల ఎట్లా జరిగిందో తేదీలను వరసగా పెట్టుకుని చూడాలి. 2023 అక్టోబర్ 26న మరణశిక్ష. డిసెంబర్ 1న దుబాయ్ వాతావరణ సదస్సులో ప్రధాని మోదీ, అమీర్ తమీమ్ కలిశారు. డిసెంబర్ 28న శిక్ష తగ్గింది. 2024 ఫిబ్రవరి 6న భారత్, ఖతార్ మధ్య గ్యాస్ ఒప్పందం కుదిరింది, 2028 నుంచి 20 ఏళ్ల పాటు ఏడాదికి 75 లక్షల టన్నులు. ఫిబ్రవరి 12న విడుదల. ఫిబ్రవరి 14న ప్రధాని దోహా పర్యటన. గ్యాస్‌కు బదులుగా మనుషులను ఇచ్చారని ఏ కాగితమూ చెప్పదు, అట్లా అనడం తొందరపాటే. కానీ తాళం కోర్టులో తెరుచుకోలేదన్నది స్పష్టం. శిక్ష పడినవాళ్లను సొంత దేశం జైలుకు పంపే ఒప్పందం 2015 నుంచి రెండు దేశాల మధ్య ఉంది. ఆ దారి కూడా వాడాల్సిన పని పడలేదు. అమీర్ నిర్ణయించారు, తలుపు తెరుచుకుంది. భారత విదేశాంగ శాఖ ప్రకటన కూడా అమీర్ నిర్ణయాన్నే అభినందించింది, కోర్టును కాదు.

దీన్ని సిరిసిల్ల వాళ్ల కేసు పక్కన పెట్టి చూస్తే తేడా అర్థమవుతుంది. 2005లో దుబాయ్‌లో ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో పడ్డ సిరిసిల్ల ప్రాంతం వాళ్లు దాదాపు 18 ఏళ్లు జైల్లో ఉండి 2024 ఫిబ్రవరిలో ఇల్లు చేరారు. అంటే నౌకాదళం వాళ్లు తిరిగొచ్చిన నెలలోనే. హత్య కేసులో షరియా చట్టం హతుడి వారసులకు క్షమించే హక్కు ఇస్తుంది. దియా ఇచ్చి, క్షమాపణ పత్రం తెచ్చి ఏళ్లకు ఏళ్లు తిరిగితే ఒక దారి ఉంటుంది. నేపాల్ పోయి ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడవచ్చు. గూఢచర్యం కేసులో వారసుడు ఎవరు? రాజ్యమే. ఆ గుమ్మం ముందు నిలబడాలంటే ప్రధానమంత్రి స్థాయి మనిషి కావాలి.

నౌకాదళం ఆఫీసర్లకు ఆ మనిషి దొరికాడు. దేశమంతా టీవీల్లో మాట్లాడింది, మాజీ సైనికుల సంఘాలు వెనక నిలబడ్డాయి. పిట్లం నుంచి పోయిన ఒక గార్డుకు ఎవరు దొరుకుతారు?

ఒక గార్డు కథ

ఈ ప్రశ్నకు దగ్గరి జవాబు కెన్యా నుంచి వచ్చిన మాల్కం బిదాలీ కేసులో ఉంది. ఆయన దోహాలో సెక్యూరిటీ గార్డు. ‘నోవా’ అనే మారుపేరుతో ఆన్‌లైన్‌లో రాసేవాడు. ఏం రాశాడు? రహస్యాలేమీ కాదు. పన్నెండు గంటల డ్యూటీ, ఇరుకు గదులు, గార్డుల బతుకు. 2021 మే 4 రాత్రి ఆయన్ను గది నుంచి తీసుకెళ్లారు. దాదాపు నెల రోజులు ఒంటరి గదిలో ఉంచారు. ప్రశ్నించేటప్పుడు లాయర్ లేడు. అరెస్టుకు కొద్ది రోజుల ముందు ఆయనకు ఆన్‌లైన్‌లో ఒక అనుమానాస్పద లింకు వచ్చిందని, దాని ద్వారా ఎక్కడున్నాడో పట్టుకుని ఉండవచ్చని మానవ హక్కుల సంస్థలు చెప్పాయి.

విదేశీ ఏజెంట్ దగ్గర డబ్బు తీసుకుని తప్పుడు సమాచారం ప్రచారం చేశాడన్నది మొదట మోపిన ఆరోపణ. ఆఖరికి సైబర్ నేరాల చట్టం కింద 25 వేల రియాళ్ల జరిమానా వేశారు. అప్పటి రేటుకు సుమారు 5 లక్షల రూపాయలు. ఖతార్‌లో కనీస మూల వేతనం నెలకు 1,000 రియాళ్లు, అంటే 25 నెలల జీతం. ప్రపంచవ్యాప్తంగా కార్మిక సంఘాలు, ఆమ్నెస్టీ, విద్యార్థులు గొడవ చేశారు కాబట్టి ఆగస్టులో దేశం దాటగలిగాడు. అందరికీ అంత గొంతు పలకదు.

ఆయన కేసులో మూడు సంగతులు మన ఇళ్లకు పనికొస్తాయి. మారుపేరు కాపాడలేదు. రాసింది నిజమన్న వాదన కూడా కాపాడలేదు. తన గది గురించి, తన డ్యూటీ గురించి రాసుకోవడం కూడా భద్రత విషయమే అయింది.

చట్టం ఏమంటుందో కూడా చూడాలి. 2014 నాటి 14వ నంబర్ సైబర్ చట్టం కింద, దేశ భద్రతకు హాని చేసే తప్పుడు వార్త పెడితే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల రియాళ్ల దాకా జరిమానా. 2020లో శిక్షాస్మృతిని సవరించి పుకార్లకు ఐదేళ్ల దాకా జైలు అన్నారు. 2025లో ఇంకో సవరణ వచ్చింది. బహిరంగ స్థలంలోనైనా సరే, మనిషి ఒప్పుకోకుండా అతని ఫొటో, వీడియో ఆన్‌లైన్‌లో పెడితే ఏడాది దాకా జైలు, లక్ష రియాళ్ల దాకా జరిమానా, లేదా రెండూ. కార్నిష్ దగ్గర రీల్స్ తీసే కుర్రాళ్లకు ఈ సంగతి ఎవరు చెప్పారు?

ఒకే వాట్సాప్ గ్రూప్, మూడు దేశాల చట్టాలు

మన ఇళ్లల్లో ఒక్కో కుటుంబానికి ఒక్కో గ్రూప్ ఉంటుంది. పెద్ద భాయ్ దోహాలో, చిన్నోడు దుబాయ్‌లో, చాచా రియాద్‌లో, మిగతావాళ్లు పిట్లంలో. 2017 జూన్‌లో ఏం జరిగిందంటే, ఖతార్ మీద సానుభూతి చూపిస్తూ పోస్టు పెడితే 15 ఏళ్ల దాకా జైలు అని యూఏఈ ప్రకటించింది. అంటే దోహాలో ఉన్న అన్న కోసం దుబాయ్‌లో ఉన్న తమ్ముడు రాసిన ఒక మాట నేరం కావచ్చు. రెండు దేశాలవాళ్లూ కల్మా చదివేవాళ్లే.

క్షిపణులు పడ్డ రాత్రి పిట్లంలో కూర్చున్నవాళ్లు మొదట చేసే పని “అక్కడ ఏమైంది, వీడియో పంపు” అని అడగడం. ప్రేమతోనే అడుగుతారు. కిటికీలోంచి తీసిన పొగ వీడియో, దూరంగా కనిపించే సైనిక వాహనం, మూసిన రోడ్డు ఇవన్నీ అక్కడి నిఘా కళ్లకు వేరుగా కనిపిస్తాయి. వీడియో అడిగింది అమ్మ, ఫార్వర్డ్ చేసింది బామ్మర్ది, జైలుకు పోయేది మాత్రం తీసినవాడు. “సలామత్‌గా ఉన్నావా” అని అడిగితే సరిపోతుంది.

రెండు భ్రమలు

నౌకాదళం వాళ్లకు మరణశిక్ష వార్త వచ్చినప్పుడు గాజా యుద్ధం మొదలై మూడు వారాలు కూడా కాలేదు. కొన్ని టీవీ ఛానళ్లు, సోషల్ మీడియా దుకాణాలు వెంటనే దాన్ని మజ్హబ్ గొడవ చేసేశాయి. భారత్ ఇజ్రాయెల్ వైపు మాట్లాడింది కాబట్టి ముస్లిం దేశం పగ తీర్చుకుందన్నారు. తేదీలు చూస్తే చాలు, ఆ మాట నిలబడదు. అరెస్టు 2022 ఆగస్టులో, కోర్టు విచారణ 2023 మార్చిలో మొదలు, యుద్ధం 2023 అక్టోబర్‌లో. ఆ గోలకు జవాబు చెప్పాల్సి వచ్చింది ఇక్కడి ముస్లింలు, వాళ్లకు ఆ కేసుతో ఏ సంబంధమూ లేకపోయినా.

ఇంకో భ్రమ మన ఇళ్లల్లోనే ఉంది. “అది మనోళ్ల దేశం, నమాజీ పిల్లగాడు, ఏం కాదు” అనుకోవడం. మసీదులో పక్కపక్కన భుజం కలిపి నిలబడతారు, నిజమే. నిఘా ఫైల్లో మాత్రం రాసేది పాస్‌పోర్టు నంబరు, కఫీల్ పేరు, ఫోన్ నంబరు. గల్ఫ్ దేశాల స్టేట్ సెక్యూరిటీ జైళ్లలో ఎక్కువమంది ముస్లింలే ఉన్నారు, అరబ్బులే ఉన్నారు. దీన్‌తో వచ్చే ఇజ్జత్ వేరు, పౌరసత్వంతో వచ్చే హక్కు వేరు. ఆ రెండోది అక్కడ మనకు లేదు.

అట్లాగని ఇదంతా అరబ్బు దేశాల జబ్బు అని చేతులు దులుపుకోవడానికీ లేదు. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదు పేలుడు తర్వాత ఎంతమంది ముస్లిం పిల్లగాళ్లను పట్టుకుపోయి కొట్టారో పాతబస్తీ మర్చిపోలేదు. వాళ్లు కోర్టులో నిర్దోషులుగా తేలారు. ఏళ్ల తర్వాత అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నష్టపరిహారం ఇస్తే హైకోర్టు ఆ చెల్లింపును కొట్టేసింది. మన ఇంటెలిజెన్స్ బ్యూరోకు ఇప్పటికీ పార్లమెంటు చేసిన సొంత చట్టమంటూ లేదు. తెలంగాణలో స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచ్‌లో ఫోన్లు ట్యాప్ చేశారని 2024 మార్చిలో పంజాగుట్ట పోలీసులు కేసు పెట్టారు. మావోయిస్టుల కోసం పెట్టిన విభాగం రాజకీయ నాయకుల ఫోన్లు విన్నదని ఆరోపణ. నిఘా సంస్థ చేతికి పని ఇచ్చి, అడిగేవాడిని తీసేస్తే ఏ దేశంలోనైనా జరిగేది ఇదే. తేడా ఒక్కటే. ఇక్కడ ఆ కేసుకు నంబర్ ఉంది, రోజూ పత్రికలు రాశాయి, అధికారులు అరెస్టయ్యారు, సుప్రీంకోర్టు దాకా నడిచింది. పాతబస్తీ పిల్లగాళ్ల కోసం లాయర్లు వాదించారు, నిజనిర్ధారణ కమిటీలు తిరిగాయి. ఆలస్యమైంది, అన్యాయం జరిగింది, కానీ తట్టడానికి తలుపులున్నాయి. దోహాలో అట్లాంటి తలుపులు లేవు కాబట్టే, పోయేముందే ఇంట్లో కొన్ని పనులు చేసుకోవాలి.

ఇంట్లో చేసుకోగలిగినవి

అకస్మాత్తుగా ఫోన్ బంద్ అయితే మన ఇళ్లల్లో మొదట ఏజెంట్ దగ్గరికి పరిగెత్తుతారు. అతను “కఫీల్‌తో మాట్లాడుతున్నా” అని పదిహేను రోజులు గడుపుతాడు. స్టేట్ సెక్యూరిటీ కేసులో కఫీల్‌కు కూడా చెప్పకపోవచ్చు, చెప్పినా అతను భయపడి తప్పుకుంటాడు. రెండు, మూడు రోజులు ఏ కబురూ లేకపోతే నేరుగా దోహాలోని భారత ఎంబసీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపాలి. విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు పెట్టవచ్చు, దానికి నంబర్ వస్తుంది. ఆ నంబర్‌తోనే ఎమ్మెల్యే దగ్గరికి, ఎంపీ దగ్గరికి పోవాలి. పిట్లం జుక్కల్ నియోజకవర్గంలోకి, జహీరాబాద్ లోక్‌సభలోకి వస్తుంది. ఎంపీ పార్లమెంటులో ఒక ప్రశ్న అడిగితే విదేశాంగ శాఖ జవాబు రాయక తప్పదు. హైదరాబాద్ ప్రజాభవన్‌లో 2024 సెప్టెంబర్ నుంచి గల్ఫ్ వాళ్ల కోసం ప్రవాసీ ప్రజావాణి కౌంటర్ పెట్టారు, అక్కడా దరఖాస్తు ఇవ్వవచ్చు. లాయర్ ఖర్చు పెట్టుకోలేని కేసుల్లో సాయం చేయడానికి ఎంబసీల దగ్గర ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ అనే నిధి ఉంది. అడిగినవాళ్లకే అది కదులుతుంది.

వీటన్నిటికీ ముందు కావాల్సినవి కాగితాలు. పాస్‌పోర్టు, వీసా, ఖతార్ ఐడీ, కంపెనీ పేరు, క్యాంపు అడ్రసు, గదిలో ఉండే ఇద్దరు మనుషుల నంబర్లు. ఇవి పోయినవాడి ఫోన్‌లో ఉంటే లాభం లేదు, ఆ ఫోన్‌ను మొదటే తీసేసుకుంటారు. ఇంట్లో జిరాక్సు పెట్టెలో ఉండాలి, ఎక్కడుందో కనీసం ఇద్దరికి తెలియాలి.

ఎగ్జిట్ పర్మిట్ 2018 నుంచి చాలామందికి ఎత్తేశారు కదా, విమానం ఎక్కి వచ్చేస్తాడులే అనుకునేవాళ్లూ ఉన్నారు. విచారణలో ఉన్న మనిషి మీద ప్రయాణ నిషేధం వేరుగా ఉంటుంది. అది ఉన్నట్టు ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గరే తెలుస్తుంది.

పట్టుకున్న తర్వాత లోపల జరిగేదాంట్లో కుటుంబం చేయగలిగింది తక్కువ. పోయేవాడికి ముందే చెప్పి పంపాల్సినవి రెండున్నాయి. సంతకం పెట్టమని అరబ్బీ కాగితం ముందుంచుతారు. మన పిల్లగాళ్లలో చాలామంది మక్తబ్‌లో ఖురాన్ చదవడం నేర్చుకున్నవాళ్లే, అక్షరాలు కూడబలుక్కోగలరు. అక్షరం వచ్చినంత మాత్రాన పోలీసు వాంగ్మూలం అర్థం కాదు. అనువాదం చేసే మనిషిని అడగాలి, ఉర్దూ, హిందీ తెలిసినవాళ్లు దోహాలో దొరకని మాట ఉండదు.

రెండోది ఎంబసీ. 1963 వియన్నా ఒప్పందం ప్రకారం పరాయి దేశంలో పట్టుబడ్డవాడికి తన దేశం ఎంబసీకి కబురు చేయించుకునే హక్కుంది. భారత్, ఖతార్ రెండూ ఆ ఒప్పందంలో ఉన్నాయి. అయితే పట్టుబడ్డవాడు తానుగా కోరితేనే వాళ్లు కబురు చేయాలని అందులో ఉంది. చాలామంది నోరు తెరవరు, అడిగితే కోపం వస్తుందేమో అనుకుంటారు. ఉర్దూలో సఫారత్‌ఖానా అంటాం. అరబ్బీలో ‘సఫారా’. ‘అస్సఫారా అల్‌హిందియ్యా’ అంటే భారత ఎంబసీ. శంషాబాద్‌లో విమానం ఎక్కకముందే ఈ రెండు మాటలు నోటికి వచ్చి ఉండాలి.